పక్కింటి మూకుడు

ఇలా దగ్గరికి జరగండి తల్లీ. చేతిలో పని ఆపక్కర్లేదు, చెవి ఒక్కటి ఇటు ఇస్తే చాలు. కోదాడలో లూర్దమ్మ అని ఒకామె అరిసెలు చేసింది. చేసిందొకరు, తిన్నదింకొకరు, పేరొచ్చిందేమో మరొకరికి. మధ్యలో ఏం జరిగిందో చెబుతాను.

లూర్దమ్మది చర్చి వెనక సందులో కిరాయి ఇల్లు. ఒక గది, పొయ్యి పెట్టుకునే ఇంత చోటు, వెనక మోకాలెత్తు గోడ. గోడకు అవతల రుక్కమ్మ, మంగయ్యల ఇల్లు, వాళ్ల గొర్ల దొడ్డి. లూర్దమ్మ పెనిమిటి జోజప్ప ఆ ఏడు తపస్కాలంలో, ఈస్టర్ ముందరి ఉపవాసాల రోజుల్లో పోయాడు. మట్టల ఆదివారం అందరికంటే పెద్ద మట్ట పట్టుకుని ముందు నడిచే మనిషి, ఆ ఆదివారం రాకముందే వెళ్లిపోయాడు.

ఆయన ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో క్రిస్మస్ అంటే అరిసెలే. కేకు తింటే పండుగ అయినట్టుండదు, పుట్టినరోజు అయినట్టుంటుంది అనేవాడు. యేసుది పుట్టినరోజే గదా అని లూర్దమ్మ అంటే, ఆ మాటకు జవాబు వచ్చే ఏడు చెబుతాననేవాడు. అరిసెలు ఒక్క చేతి మీద అయ్యే వంట కాదు, మీకు తెలియనిది కాదు. పాకం ముదిరే వేళ ఒకరు పిండి పోస్తుంటే ఒకరు తిప్పాలి. ఒకరు తట్టి నూనెలో వదిలితే ఇంకొకరు తీసి చెక్కల మధ్య పెట్టి ఒత్తాలి. ఒత్తే పని జోజప్పది. నూనె కారుతుంటే 'చూడు, పాపాలెట్ల పోతున్నయో' అనేవాడు. ఏటా అదే మాట. లూర్దమ్మ ఏటా విననట్టే ఉండేది. ఇప్పుడు వినడానికి ఆమె సిద్ధంగానే ఉంది, అనేవాళ్లు లేరు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు. చారుకు తాలింపు వేసుకోవచ్చు గాని, నూనె కాగి పిండివంట వేగకూడదు. ఆ వాసన సందులోకి వచ్చిందంటే, పోయిన మనిషిని అప్పుడే మరిచిందని అంటారు. మన విశ్వాసంలో ఇలాంటి పట్టింపులు లేవని ఫాదర్ గారు ఒక ఆదివారం ప్రసంగంలో గట్టిగానే చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. ఇంటికి వచ్చి ఎవరి మూకుడు వాళ్లు అటక మీదే ఉంచుకున్నారు.

లూర్దమ్మకు ఒక్కతే కూతురు, కృప. సూర్యాపేటలో దవాఖానలో నర్సు. పండుగకు వస్తావా బిడ్డా అని తల్లి ఫోనులో అడిగింది. కృపేమో, "నాయిన లేడు, అరిసెల్లేవు. వచ్చి ఏం జెయ్యాలమ్మా? ఇద్దరం ఎదురెదురుగ కూసొని ఏడ్వాలె. డ్యూటీ జేస్తే రోగులన్న సంతోషపడ్తరు," అంది.

"అరిసెలు ఉంటయి," అంది లూర్దమ్మ. ఎలా ఉంటాయో ఆమెకు కూడా తెలియదు.

"ఉంటే సెలవు అడుగుత," అంది కృప.

అంతే. ఆ 'ఉంటే' అన్న మాట పట్టుకుని లూర్దమ్మ బియ్యం నానబోసింది. పండుగ నాడు మధ్యాహ్నం కూతురు పక్కన కూర్చుని ఒక కంచం అన్నం తినాలి, ఆమె అడిగిందంతా అదే. తన పొయ్యి మీద మూకుడు పెట్టకూడదు కాబట్టి వెనక గోడ దగ్గర నిలబడి రుక్కమ్మను అడిగింది. రుక్కమ్మ ఆలోచించను కూడా లేదు. మా ఇంట్లో ఎవరూ పోలేదు గదక్కా, నా పొయ్యి మీద పెట్టుకో, గోపిక ఒత్తుతుంది అంది. గోపిక రుక్కమ్మ కూతురు, డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంది.

క్రిస్మస్‌కు ముందు రోజు పొద్దున్నే లూర్దమ్మ బియ్యం వడేసి, తడి బియ్యం గిన్నె మీద గుడ్డ కప్పి ఉప్పలయ్య పిండి గిర్నికి పోయింది. గిర్నికి తడి బియ్యం వచ్చాయంటే అది అరిసెలకే. ఉప్పలయ్య గిన్నె వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ఇంకా ఏడాది కాలేదు గదక్కా, అరిసెల పిండి ఎవరికని అడిగాడు. వెనక వరుసలో ఇద్దరు ఆడవాళ్లు మిరపకాయల సంచులతో నిలబడి ఉన్నారు. లూర్దమ్మ గిన్నె మీది గుడ్డ సర్దింది.

"నాకు గాదు. రుక్కమ్మకు," అంది.

పూర్తి అబద్ధం కూడా కాదు, వేగేది రుక్కమ్మ పొయ్యి మీదే గదా అని తనకు తాను చెప్పుకుని, వెచ్చటి పిండి గిన్నె ఒడిలో పెట్టుకుని వచ్చేసింది. ఆ మాట మాత్రం గిర్నిలోనే ఉండి తిరగడం మొదలుపెట్టింది.

ఉప్పలయ్య పిండి పట్టినంత మెత్తగా ఆలోచిస్తాడు. గొల్లవాళ్ల ఇల్లు. సంక్రాంతి ఇంకా దూరం. ఇంట్లో పెళ్లి కావలసిన పిల్ల. అరిసెలంటే ఇక ఒకటే, సంబంధం ఖాయమైంది. అయితే ఇది శూన్యమాసం, మంచి మాటలు మాట్లాడుకునే నెల కాదు. అక్కడ ఉప్పలయ్య కొంచెం ఆగి, శూన్యమాసం కూడా చూడకుండా తొందరపడ్డారంటే పిల్లవాడిది సర్కారు నౌకరీ అయి ఉండాలని తేల్చాడు. ఆ మాట సందు మొగ దాటేసరికి పిల్లవాడు కరెంటాఫీసులో చేరాడు. మధ్యాహ్నానికి ప్రమోషన్ కూడా వచ్చింది.

ఇవేమీ తెలియని ముగ్గురు ఆడవాళ్లు రుక్కమ్మ ఇంట్లో పాకం పట్టారు. లూర్దమ్మ తిప్పింది, రుక్కమ్మ పిండి పోసింది. మొదటి అరిసె నూనెలో పొంగి, నువ్వులు చిటపటమని, ఆ వాసన గోడలు దాటి పోయింది. గోపికకు ఒత్తడం చేతకాలేదు. చెక్కల మధ్య నుంచి అరిసె జారి నేల మీద దొర్లుకుంటూ పోయి గుమ్మం దాటి దొడ్డిలో పడింది. ఒక గొర్రెపిల్ల వచ్చి వాసన చూసి భయపడి పరుగెత్తింది. అది చూసి లూర్దమ్మ నవ్వింది. తపస్కాలం తర్వాత నవ్వడం అదే మొదటిసారి. నవ్వి, ఎవరో చూస్తున్నారేమోనని మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది. చేతులకు పిండి ఉంది, ఫోన్ గోపిక ఎత్తింది. కృప.

"పెద్దమ్మా? మస్తు ఖుషీగ ఉన్నదక్కా," అంది గోపిక. "మా ఇంట్లనే ఉన్నది. ఇల్లంత సందడి. ఇప్పుడే నవ్వింది గూడ. పరేషాన్ గాకు నువ్వు."

మంచి పిల్ల. మంచి చేద్దామనే అంది.

ఫోన్ పెట్టేలోపే సందులోని ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఒకామె వాకిట్లోంచే నోరు తీపి చేయమంది. ఒకామె గోపిక బుగ్గ గిల్లింది. ఇంకొకామె, మాకు ఒక్క మాట చెప్పకుండానే ఖాయం చేసుకున్నారా అని అలిగింది. రుక్కమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లూర్దమ్మ వంక చూసింది. అరిసెలు తనవని లూర్దమ్మ ఒక్క మాట చెబితే అంతా తేలిపోతుంది. కానీ ఆ మాట చెబితే, ఏడాది తిరక్కుండా మూకుడు పెట్టిందన్న మాట ఆమె మీద పడుతుంది. లూర్దమ్మ నూనెలోకి చూస్తూ ఊరుకుంది.

రుక్కమ్మకు ఊరుకోవడానికి వేరే కారణం ఉంది. దీపావళి ముందు గరిడేపల్లి నుంచి ఒక సంబంధం వాళ్లు వచ్చి పిల్లను చూసుకుని, అన్నం తిని, చెప్పి పంపుతామని పోయారు. పిల్లవాడి పేరు ధనుంజయ్, వరికోత మిషను నడుపుతాడు. తర్వాత ఒక్క కబురు లేదు. నీళ్ల దగ్గర, కూరగాయల బండి దగ్గర, ఏమన్నారు ఏమన్నారు అని అడిగినవాళ్లకు జవాబు చెప్పలేక రుక్కమ్మ సందులో నడవడమే తగ్గించింది. ఇప్పుడు అదే ఆడవాళ్లు వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డారు. రుక్కమ్మ కాదనలేదు, ఔననలేదు. అన్నీ ముందు ముందు తెలుస్తాయని తలా ఒక అరిసె పెట్టి పంపింది.

మేత నుంచి వస్తున్న మంగయ్యను చాయ్ హోటల్ దగ్గర ఇద్దరు కావలించుకున్నారట. ఆయన ఇంటికి వచ్చి, గొర్లను దొడ్డిలో తోలి, కాళ్లు కడుక్కుని, మంచం మీద కూర్చుని భార్యను పిలిచాడు.

"పిల్లను ఇచ్చేసినమంట గద," అన్నాడు. "ఎవ్వలికిచ్చినమో జర నాకు గూడ చెప్తవా?"

రుక్కమ్మ చెప్పబోయింది. అంతలో గరిడేపల్లి నుంచి ఫోన్. ధనుంజయ్ మేనమామ. మీరు ఎవరికీ మాట ఇవ్వకండి, రేపు పొద్దున మేమే వస్తున్నాం, మంచి మాట అనుకుని పోతాం అన్నాడు. ఉప్పలయ్య గిర్ని నుంచి మాట గరిడేపల్లి దాకా ఏ బస్సెక్కి పోయిందో గాని, కరెంటాఫీసు పిల్లవాడు అడ్డం వస్తున్నాడని ఆయన ఒగురుస్తూ మాట్లాడాడు. మంగయ్య ఫోన్ చెవికి పెట్టుకునే దొడ్డి వైపు చూసి ఏ పొట్టేలును కోయాలో ఎంచుకున్నాడు.

రుక్కమ్మ లోపలికి వచ్చింది. గంపలో అరిసెలు ఆరుతున్నాయి, పైన పల్చటి గుడ్డ. ఆమె గంప వంక చూసి, లూర్దమ్మ చేయి పట్టుకుంది.

"అక్కా, ఇయ్యి నాకియ్యి. వాళ్లొచ్చెటాళ్లకు మళ్ల యాడ జెయ్యాలె? అరిసెలెవరియని అడిగితే గోపికే చేసిందని చెప్త. నువ్వు జర కాదనకు."

లూర్దమ్మ గంప వంక చూసింది. కృపకు ఒక నాలుగు తీసిపెట్టి మిగిలినవి వాడుకో అంది. నాలుగు తీసి తన గిన్నెలో పెట్టుకుంది. గోడ దాటకముందే కృప ఫోన్ వచ్చింది.

"అమ్మా, ఏమనుకోకు. సెలవైతే దొరికింది గని, మా తోటి నర్సు శ్రీలతకు పసిపిల్ల ఉన్నది. పండుగకు ఇంటికి పోతనని ఏడుస్తున్నది. నీకు తోడు మంది ఉన్నరని తెలిసినంక నా సెలవు ఆమెకిచ్చిన. నువ్వు నవ్వినవంట గద. నాకు పానం నిమ్మళమైంది."

గరిడేపల్లి మాట విని వాకిట్లోకి ఆడవాళ్లు మళ్లీ వచ్చి ఉన్నారు. రుక్కమ్మ ఇటే చూస్తోంది.

"మంచి పని జేసినవ్ బిడ్డా," అంది లూర్దమ్మ. "నాకేంది. ఇంటినిండ మంది."

ఫోన్ కొంగున ముడేసుకుని, గిన్నెలోని నాలుగు అరిసెలు తీసుకెళ్లి తిరిగి గంపలో పెట్టింది.

పండుగ పొద్దున లూర్దమ్మ తెల్లచీర కట్టుకుని పూజకు పోయింది. పూజ అయ్యాక బాలయేసు పాదాలు ముద్దు పెట్టుకోవడానికి వరుసలో నిలబడింది. ఎప్పుడూ ఆమె వెనక జోజప్ప నిలబడి, ముందు నడువు అని వీపు మీద వేలితో పొడిచేవాడు. ఆ రోజు ఎవరూ పొడవలేదు కాబట్టి ముందు ఖాళీ అయినా ఆమె అలాగే నిలబడిపోయింది.

ఇంకో ఏడైతే, చర్చిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి మత్తయ్య భార్య చేయి పట్టుకుని ఈ పూట మా ఇంట్లో తినమని లాక్కుపోయేదే. ఆ రోజు దగ్గరికి వచ్చి, నీకేం వదినా, రుక్కమ్మ వాళ్లు యాటను కోశారట గదా అని నవ్వి వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరూ అదే మాట. గోడకు అవతల రుక్కమ్మేమో, లూర్దమ్మక్కను చర్చి వాళ్లు తినకుండా పంపుతారా అనుకుని నిశ్చింతగా ఉంది. పైగా పెనిమిటి పోయి ఏడాది కాని మనిషి మంచి మాట అనుకునే చోట ఎదురుపడకూడదని రుక్కమ్మ అనలేదు, లూర్దమ్మ అడగలేదు. ఆ పట్టింపు ఇద్దరికీ తెలుసు. కూతురేమో అమ్మ చుట్టూ మంది ఉన్నారనుకుని సూర్యాపేటలో సెలైన్ సీసాలు మారుస్తోంది. అలా ఊరంతా తలా ఒక చోట లూర్దమ్మకు విస్తరి వేసింది. ఆమె ఇంటికి వచ్చి తాళం తీసింది.

ఇంత అన్నం వండింది. చింతపండు చారు పెట్టింది. గోడ అవతల నుంచి బగారన్నం వాసన, మాంసం వాసన, కంచాల చప్పుడు. మేనమామ గొంతు అన్నిటికంటే పైన ఉంది. ఎవరో అరిసెలు నోట్లో పెడితే కరుగుతున్నాయన్నారు. మా గోపికే చేసింది అని రుక్కమ్మ చెప్పింది. లూర్దమ్మ చారులో ఉప్పు వేశానా లేదా అని రెండోసారి చూసుకుంది.

గంజి పారబోయడానికి వెనక్కి వచ్చేసరికి గొర్ల దొడ్డి పక్కన ఎండలో ఒక ఆడమనిషి రాతి మీద కూర్చుని ఉంది. కొత్త చీర, ఖాళీ మెడ. ఒళ్లో పళ్లెం, పళ్లెంలో రెండు అరిసెలు. ఎవరమ్మా, లోపలికి పోకుండా ఇక్కడ కూర్చున్నారని లూర్దమ్మ అడిగింది.

"నేను పిలగాని తల్లిని. భాగ్య అంటరు," అందామె. "మంచి మాట అనుకుంటుండ్రు గద. నేను ముందర ఉండొద్దని మా అన్న ఇటు కూసోమన్నడు. ఎండ బాగనే ఉన్నది తియ్యి. రా వదినె, ఇదో, మా కోడలు చేసిన అరిసె. తిను."

తన అరిసెను చుట్టపు అరిసెలా చేతిలోకి తీసుకుని లూర్దమ్మ ఒక ముక్క కొరికింది. పాకం కుదిరింది. నువ్వులు సరిపోయాయి. నూనె మాత్రం నాలుకకు తగిలింది.

"ఒత్తుడు తక్కువైంది," అంది, తన ఇంట్లో అన్నట్టే.

భాగ్య కొరకబోతున్న అరిసె ఆపింది.

"తినెటోళ్లు తీపి తక్కువైందంటరు, గట్టిగున్నదంటరు. ఒత్తుడు తక్కువైందని చేసినోళ్లే అంటరు వదినె."

లూర్దమ్మ గంజి గిన్నె కింద పెట్టింది. గోడ మీదే కూర్చుంది. గోపిక పెళ్లి తన నోటి వల్ల పోయిందనుకుంది. పిల్లకు ఏ పాపం తెలియదని, అబద్ధం మొదట ఆడింది తానేనని, గిర్ని దగ్గర నుంచి సెలవు దాకా అంతా చెప్పేసింది. కరెంటాఫీసు పిల్లవాడు ఎక్కడున్నాడో తనకు కూడా తెలియదంది. భాగ్య వింటూ వింటూ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందేమో అనుకుంది లూర్దమ్మ. నవ్వుతోంది.

"పిల్ల మాకు అప్పుడే నచ్చిందే వదినె. చెప్దమనుకున్నాళ్లకు మా మరిది కాలు ఇరగ్గొట్టుకునె. అది అతికెటాళ్లకు శూన్యమాసం పడె. పాడు నెలల మంచి మాట ఎందుకు, నెల పోయినంక కబురంపుదమని ఊకున్నం. ఎవ్వడో నౌకరీ పిల్లగాడు ఎత్తుకపోతుండని నిన్న మా అన్న చెప్పులు గూడ ఏసుకోకుంట మా ఇంటికి ఉరికొచ్చిండు."

అదీ సంగతి. ఎవరూ అబద్ధం ఆడకపోయినా, ఎవరూ పరుగెత్తకపోయినా ఆ పెళ్లి అయ్యేదే. ఈ గడబిడలో నిజంగా పోయింది కృప సెలవు ఒక్కటే. కరెంటాఫీసు పిల్లవాడు మిర్యాలగూడకు బదిలీ అయిపోయాడని తర్వాత సందులోవాళ్లే తేల్చుకున్నారు.

అన్నం తిన్నావా అని లూర్దమ్మ అడిగింది. లోపలివాళ్లు పెట్టే ఉంటారని వాకిట్లో వడ్డించేవాళ్లు, వాకిట్లోవాళ్లు పెట్టే ఉంటారని లోపలివాళ్లు అనుకున్నట్టున్నారని భాగ్య చెప్పింది. లూర్దమ్మ లోపలికి పోయి రెండు కంచాల్లో అన్నం, గిన్నెలో చారు తెచ్చింది. గోడకు ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చున్నారు. గోడ మీదే చారు గిన్నె. గొర్రెపిల్లలు వచ్చి భాగ్య కొత్త చీర నమలబోయాయి.

"పండుగ పూట మీ ఇంట్ల చారేనా వదినె?" అంది భాగ్య. కాసేపాగి, దొడ్డి వంక చూస్తూ, "మీ దేవుడు గూడ గొర్ల కాడనే పుట్టిండంటరు. లోపల జాగ లేకనే నాయె," అంది.

"అవు," అంది లూర్దమ్మ. "జాగ లేకనే."

అప్పుడు ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చారు ఘాటని భాగ్య అనుకుంది, లేదా అనుకున్నట్టు ఊరుకుంది. లూర్దమ్మ పేరేమిటని భాగ్య అడగనే లేదు. జోజప్ప ఎలా పోయాడని భాగ్య అడిగింది. ఇంకో పిడికెడు అన్నం పెట్టనా అని లూర్దమ్మ అడిగింది. అంతలో ముందు వాకిట్లో ఆటో హారన్ మోగింది. ఎవరో భాగ్యా అని కేకేశారు. ఆమె చేయి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, వస్త వదినె అని వెళ్లిపోయింది.

సాయంత్రం కృప ఫోన్ చేసి పండుగ ఎలా జరిగిందమ్మా అని అడిగింది. ఎండలో కూర్చుని ఒక చుట్టంతో తిన్నానని లూర్దమ్మ చెప్పింది. ఏ చుట్టమని కూతురు అడిగేలోపే అక్కడ వార్డులో ఎవరో పిలిచారు, ఫోన్ ఆగిపోయింది. లూర్దమ్మ బయటికి వచ్చి రెండు కంచాలు కడిగి గోడ మీద బోర్లించింది.

ఇది గుర్తుంచుకోండి తల్లీ, మీరు విన్నట్టే ఇంకొకరికి చెప్పండి. పండుగ పూట ఎవరినైనా చూసి, 'ఆమెకేం, వాళ్లింట్లో తింటుంది' అనుకున్నవాళ్లను ఆ వాళ్లింటికి పోయి ఒక్కసారి అడిగి రమ్మనండి. అడిగితే పోయేదేమీ లేదు, మహా అయితే ఒక కంచం ఎక్కువ కడగాలి.